మా క్లాసు ఎవరి కోసం?

మూడేళ్ల కిందట, ఈఏడీ చేతికొచ్చిన నెలలోనే ఆన్‌లైన్‌లో తెలుగు క్లాసులు మొదలుపెట్టాను. పెళ్లికి ముందు గుంటూరులో నాలుగేళ్లు టీచరుగా చేసినదాన్ని. పాఠం చెప్పడం నాకు కొత్త కాదనే ధీమా. చుట్టూ ముగ్గు వేసి, చక్కటి తెలుగు అక్షరాల్లో ఒక ఫ్లయర్ చేశాను. 'అన్ని వయసులవారికీ! ఓనమాల నుంచి పద్యాల దాకా!' డాలస్‌లో నాకు తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను. 14 మంది చేరారు. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం చేశాను కూడా.

ఆరో వారానికి నలుగురు మిగిలారు.

ఆరేళ్ల పాపకి 'అ' దిద్దిస్తుంటే పన్నెండేళ్ల బాబు కెమెరా ఆపేసి ఆటలాడుకునేవాడు. వాళ్లమ్మ బలవంతం మీద వచ్చినవాడు, ఏం చేస్తాడు? ఇద్దరినీ చూసుకునేసరికి ఉద్యోగాలు చేసే పెద్దపిల్లలు ఓపిగ్గా వాచీ చూసుకునేవారు. నేనేమో తప్పు ఫీజులో ఉందనుకున్నాను. నెలకి 60 డాలర్లు ఉన్నది 30 చేశాను. కొత్తగా ఐదుగురు వచ్చారు. రెండు వారాల్లో వాళ్లూ వెళ్లిపోయారు. "ఫ్రీగా పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు మావారు. సరదాకే అన్నారుగానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు చెప్పడమే రాదేమో అనిపించింది.

మానేసేముందు, మిగిలిన ఆ నలుగురికీ ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. ఎందుకు మానలేదని అడుగుదామని. నలుగురూ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, పాతికేళ్లు దాటినవాళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

వాళ్లలో ఒకమ్మాయి చెప్పింది. "ఆంటీ, మా అమ్మమ్మ తెనాలిలో ఉంటుంది. తిన్నావా అని అడుగుతుంది. తిన్నాను అంటాను. తర్వాత ఏమనాలో తెలీదు. అమ్మమ్మ ఫోన్ అమ్మకి ఇమ్మంటుంది. ఈ మధ్య మతిమరుపు మొదలైంది. ఇంక ఎంత టైముందో." కాసేపాగి, "గుణింతాలు నాకు అక్కర్లేదు ఆంటీ. మీరు బాధపడతారని చెప్పలేదు" అంది.

ఆరు వారాలు ఆ పిల్లకి నేను నేర్పింది గుణింతాలే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. నా ఫ్లయర్ తెలుగు లిపిలో ఉంది. చదివింది తల్లులు. నేర్చుకోవాల్సిన పిల్లలు దాన్ని చదవనే లేరు!

ఆ ఫోన్ల తర్వాతే కోర్సు మార్చాను. పేరు 'అమ్మమ్మతో 10 నిమిషాలు'. ఫ్లయర్ ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. పైన ముందు రెండు మాటలు. ఎవరి కోసం: తెలుగు అర్థమై, మాట్లాడలేని 18 ఏళ్లు దాటినవాళ్ల కోసం. ఎవరి కోసం కాదు: చిన్నపిల్లలకీ, అక్షరాలు నేర్చుకోవాలనుకునేవాళ్లకీ కాదు. కింద, ఎనిమిది వారాల తర్వాత ఏం వస్తుంది: ఇంట్లో పెద్దవాళ్లతో పది నిమిషాలు తెలుగులో ఫోన్ మాట్లాడటం. అంతే. గ్రూపుల్లో పెట్టలేదు. ఆ నలుగురికే ఇచ్చి, మీ కజిన్స్‌కి పంపండి అన్నాను.

టైము శనివారం పొద్దున 8 నుంచి 9. "వీకెండు ఆ వేళకి ఎవరు లేస్తారు?" అని మావారు నవ్వారు. కానీ డాలస్‌లో 9 అంటే తెనాలిలో వేసవిలో రాత్రి 7:30, నవంబరులో గడియారాలు మార్చాక 8:30. క్లాసు అవగానే ఫోన్ చేస్తే అమ్మమ్మ ఇంకా మేలుకునే ఉంటుంది. హోంవర్కు అదే. దానికోసం లేచేవాళ్లే నాకు కావాలి.

పాఠాలూ మారాయి. ఇక్కడ పెరిగిన పిల్లలు విన్న తెలుగంతా మనం వాళ్లతో అన్నదే కదా: రా, తిను, పడుకో. అందుకే ఇంటికొచ్చిన పెద్దాయనతోనూ 'కూర్చో' అనేస్తారు. అది పొగరు కాదు. 'కూర్చోండి' అనాల్సిన అవసరం వాళ్లకి ఎప్పుడూ రాలేదు. మనం నవ్వుతాం. ఆ తర్వాత వాళ్లు నోరు విప్పరు. మొదటి పాఠం అక్కడ మొదలుపెట్టాను. రెండోది, ఎదుటివాళ్ల చేత మాట్లాడించే ప్రశ్నలు: ఇవాళ ఏం కూర? మోకాలి నొప్పి తగ్గిందా? నీ చిన్నప్పుడు ఏం చేసేదానివి?

ఫీజు మళ్లీ 60 చేశాను. తొమ్మిదిమంది చేరారు, ఎనిమిదిమంది చివరిదాకా ఉన్నారు. మధ్యలో ముగ్గురు తల్లులు చిన్నపిల్లల్ని చేర్చుకోమని అడిగారు. వచ్చే డబ్బు కాదనడం నాకు కష్టంగానే అనిపించింది. అయినా మనబడి వంటి బడుల సంగతి చెప్పి పంపాను.

మీరు సంగీతం నేర్పుతున్నా, కుట్టుపని నేర్పుతున్నా, ఫీజు తగ్గించేముందు, ఫ్లయర్‌కి రంగులు మార్చేముందు, మానకుండా ఉన్నవాళ్లకి ఒక్క ఫోన్ చేయండి. ఎందుకొచ్చారో వాళ్ల మాటల్లోనే వినండి. ఆ మాటలే ఫ్లయర్ మీద రాయండి.

ఏడో వారం, తెనాలి అమ్మమ్మ మనవరాలి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మమ్మ తిన్నావా అని నాలుగుసార్లు అడిగిందట. ఈ పిల్ల నాలుగుసార్లూ తెలుగులోనే చెప్పి, "నువ్వేం తిన్నావు అమ్మమ్మా?" అని అడిగిందట. మొత్తం పదకొండు నిమిషాలు. ఫోన్ అమ్మకి ఇమ్మని అమ్మమ్మ అనలేదట.