మగ్గం నుంచి ప్రయోగశాలకు

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ నుంచి లక్షలాది ప్రజలు తరలిపోయారు. వారిలో వలస కార్మికులే అధికం. వ్యాధులకు ముందుగా గురయ్యే ఇటువంటి బస్తీల బిడ్డలు వ్యాధుల పరిశోధనలో ఎందరున్నారన్నది నేటికీ వేసుకోవలసిన ప్రశ్నే.

తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ మరమగ్గాలకు వలసవెళ్లిన నేత కుటుంబాల పిల్లలకు డిగ్రీ చదువు అందినా, జీవవైద్య శాస్త్రాలలో డాక్టరేట్ దూరపు కొండే. ప్రభుత్వ సాయం లేదని కాదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023లో నెలకు 37,000 రూపాయలకు పెరిగింది. వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఫెలోషిప్పులూ ఉన్నాయి. అయితే ఇవన్నీ పరిశోధనలో ప్రవేశించినవారికే. అసలు వడపోత డిగ్రీలోనే ముగిసిపోతున్నది. సెలవుల్లో కూలికి వెళ్లక తప్పని విద్యార్థికి ప్రయోగశాల అనుభవం ఎక్కడిది? దారి చూపే పెద్దలెవరు?

అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ ప్రాంగణం 1988లో ప్రారంభించిన మేయర్‌హాఫ్ పథకం ఈ లోపాన్నే గుర్తించింది. నల్లజాతి విద్యార్థులకు తొలి ఏడాది నుంచే ఉపకార వేతనం, మార్గదర్శకత్వం, పరిశోధనానుభవం కల్పించి ఎందరినో డాక్టరేట్ల దాకా నడిపించింది. విశ్వవిద్యాలయం, ప్రభుత్వ వైద్య కళాశాల రెండూ ఉన్న సూరత్‌లో ఇది అసాధ్యం కాదు. వేసవిలో కోల్పోయే కూలికి సమానమైన భృతితో ప్రయోగశాల తలుపులు తెరవాలి. ప్రతిభకు కొరత లేదు. కొరతల్లా తొలి అవకాశానికే.