గోడ కట్టే ముందు అడగవలసిన ప్రశ్న



గత మాసంలో ఒక సాయంత్రం, ఐదేళ్ళ మా మనవడు బొమ్మల పుస్తకమొకటి తెచ్చి నా ఒడిలో కూర్చున్నాడు. అందులో హెన్రీ అనే ఆకుపచ్చని ఆవిరి ఇంజను వానలో తడిస్తే తన రంగు చెడిపోతుందని బెంగపడి, సొరంగంలో ఆగిపోతుంది. తాళ్ళు కట్టి లాగినా, వెనుక నుండి నెట్టినా కదలదు. చివరకు అధికారి పట్టాలు తీయించి, ఎదుట గోడ కట్టించి దానిని అక్కడే నిర్బంధిస్తాడు. చదవటం ముగించగానే మావాడు “తాతయ్యా, గోడ కట్టే ముందు డ్రైవరును ఏమైందని అడిగారా?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఇంజనుకు మనసేమిటి, బెంగ ఏమిటి అని కొట్టిపారవేయటం మన వృత్తివారికి సులభమే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని మనవడి పుణ్యమా అని ఆ కథల పూర్వాపరాలు చదివిన తరువాత నా అభిప్రాయం మారింది.

వీటిని రచించినవారు ఇంగ్లాండుకు చెందిన విల్బర్ట్ ఆడ్రీ అనే క్రైస్తవ మతాచార్యులు. 1911లో జన్మించి 1997లో కీర్తిశేషులైనారు. ఆయన బాల్యంలో కొంతకాలం బాక్స్ అనే గ్రామంలో, రైలు మార్గానికి సమీపంలో గడిచింది. అక్కడ ఎత్తైన వాలు ఉన్నది. రాత్రివేళ బరువైన గూడ్సు బండ్లు ఆ వాలు ఎక్కుతూ ఉంటే, ముందు ఇంజను రొప్పు, వెనుక నుండి నెట్టే బ్యాంకరు ఇంజను బదులు పలుకు పక్క మీద నుండి వింటూ, అవి రెండూ మాట్లాడుకుంటున్నాయని ఆ బాలుడు ఊహించుకునేవాడు. పెద్దవాడై, తట్టు సోకి మంచం పట్టిన తన కుమారుడు క్రిస్టఫరుకు ఊసుపోకకు చెప్పిన కథలలో ఆ ఊహలే రూపు దాల్చాయి. 1945లో మొదటి పుస్తకం వెలువడింది. మరుసటి సంవత్సరం థామస్ అనే చిన్న ఇంజను వచ్చి అందరికంటె ప్రసిద్ధి పొందింది. 1972 వరకు ఆయన ఇరవై ఆరు పుస్తకాలు వ్రాశారు.

మన వంటి సంస్థలవారికి ఆసక్తి కలిగించే విశేషం ఒకటున్నది. తొలి పుస్తకాలలో ఆ స్థూలకాయుడైన అధికారి ‘డైరెక్టరు’. 1948లో బ్రిటన్‌లో రైల్వేలు జాతీయం కాగానే ఆయన ‘కంట్రోలరు’ అయినాడు! పిల్లల కథలోనైనా పరిపాలనా వ్యవస్థ తప్పు పోరాదన్నది రచయిత నియమం. ఆయన ఇంజన్లకు ముఖాలున్నాయి, అలకలున్నాయి. అయినా బొగ్గు లేనిదే ఆవిరి లేదు, ఆవిరి లేనిదే చలనం లేదు.

ఈ నియమమే హెన్రీ కథను మలుపు తిప్పింది. 1945లో గోడ వెనుక నిలబడిన హెన్రీయే 1951 నాటి పుస్తకంలో నీరసంతో బాధపడుతూ కనిపిస్తుంది. ఈసారి అధికారి గోడ కట్టించలేదు. ఇంజను మీద పనిచేసే ఫైర్‌మన్‌ను సంప్రదించాడు. బొగ్గు నాసిరకమనీ, కొలిమి పెట్టె చిన్నది కావటంతో దానితో తగినంత వేడి పుట్టటం లేదనీ తేలింది. మేలైన వేల్సు బొగ్గు తెప్పించగానే హెన్రీ కోలుకున్నది. అదే పుస్తకంలో మరొక కథలో మంచు మూలంగా సిగ్నలు తప్పు సూచన చూపగా, హెన్రీ ఆగి ఉన్న బండిని ఢీకొంటుంది. అప్పుడు కూడా అధికారి, తప్పు నీది కాదని ఓదార్చి, పెద్ద కొలిమి పెట్టె అమర్చటానికి కర్మాగారానికి పంపిస్తాడు. 1876లో ఇంగ్లాండులో ఎబట్స్ రిప్టన్ వద్ద మంచు వల్ల సిగ్నళ్ళు బిగుసుకుపోయి జరిగిన ఘోర ప్రమాదం ఎరిగినవారికి ఇది ఉత్త కల్పన అనిపించదు. ఆ ప్రమాదం తరువాతనే సిగ్నలు సహజ స్థితి ‘ఆగుము’గా ఉండాలన్న పద్ధతి బలపడింది.

అమెరికాలో ‘టూటిల్’ అనే పిల్ల ఇంజను కథ కూడా 1945లోనే వచ్చింది. పచ్చికబయలు మీది మోజుతో పట్టాలు దిగిన ఆ ఇంజనును ఊరివారంతా ఎర్రజెండాలు చూపి దారికి తెస్తారు. ఇది పిల్లలకు కేవలం విధేయతనే నేర్పుతున్నదని డేవిడ్ రీస్మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లో విమర్శించారు. విధేయత కావలసిందే. పట్టాలు దిగిన ఇంజనుకు క్షేమం లేదు. అయితే ఎందుకు దిగిందో విచారించని యంత్రాంగానికి కూడా క్షేమం లేదని నా అనుభవం.

ఆ అనుభవాన్ని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన చోట ఒక పెద్ద ఫిట్టరు ఉండేవారు. ఒకనాడు ఆయన “సార్, మూడో పంపుకు ఒంట్లో బాగాలేదండీ, మూలుగుతోంది” అన్నారు. నేను నవ్వి, మీటర్లన్నీ పరిమితిలోనే ఉన్నాయి కదా అన్నాను. నాలుగవ రోజున బేరింగు పగిలి, పంపు ఆగిపోయింది. నివేదికలో కారణమనే గడిలో ‘నిర్వహణ లోపం’ అని వ్రాసి సంతకం చేశాను. ముందుగా ఎవరు ఏమి చెప్పారో వ్రాయటానికి ఆ కాగితంలో గడి లేదు. ఉన్నా, ఆనాడు వ్రాసి ఉండేవాడినని చెప్పలేను. సంజాయిషీ ఆయన ఇచ్చుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. కాని ఆ తరువాత ఏ యంత్రం గురించీ నాతో తానుగా ముచ్చటించలేదు. కొన్నేళ్ళకు పదవీ విరమణ చేశారు. ఆ వాక్యాన్ని నేను సరిదిద్దలేదు.

ఆయనకు యంత్రశాస్త్రం తెలియక ‘మూలుగు’ అనలేదు. ముప్పై ఏళ్ళు విన్న చెవికి అందిన తేడాను తన భాషలో చెప్పారు. నేటి కంపన విశ్లేషణ పరికరాలు పట్టి ఇచ్చేది కూడా అటువంటి తేడానే. యంత్రానికి ప్రాణం ఉన్నదని నమ్మనక్కరలేదు. ఉన్నట్లు భావించి చెవి ఒగ్గే మనిషి మాటను మన్నిస్తే చాలు.

ఆడ్రీ గారికి గోడ నుండి కొలిమి పెట్టె వరకు రావటానికి ఆరేళ్ళు పట్టింది. నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నా వద్దకు వచ్చే వైఫల్య నివేదికలపై సంతకం చేసే ముందు “దీని మీద పనిచేసేవారు ముందుగా ఏమన్నారు?” అని అడిగి, ఆ జవాబును మార్జినులో నా చేతితోనే వ్రాస్తున్నాను. కొత్తగా చేరిన యువ ఇంజనీర్లకు నా మనవి కూడా అదే.

మనవడికి హెన్రీ బాగుపడిన కథ కూడా చదివి వినిపించాను. “ఇప్పుడు అడిగారు” అని తృప్తిగా తల ఊపాడు.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాం.