దాచిన పాయింట్లు ఎన్నాళ్ళు?

పాయింట్లు దాచుకుంటున్నానని చెబితే అందరూ క్రెడిట్ కార్డు పాయింట్లనుకుంటారు. "ఇండియా టికెట్టుకు సరిపోతాయా?" అని అడుగుతారు. కాదండీ, వ్యోమింగ్ రాష్ట్రంలో ఎల్క్ వేట లైసెన్సు కోసం అంటే మాత్రం నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూస్తారు. ఎల్క్ అంటే మన అడవుల్లో ఉండే కణుజుకు పెద్దన్న అనుకోండి. బాగా ఎదిగిన మగది మూడు క్వింటాళ్ళు తూగుతుంది. 2019 నుంచి 2025 దాకా ఏటా ఒకటి చొప్పున నా దగ్గర ఏడు పాయింట్లు పోగయ్యాయి. వాటిని ఇప్పుడు వాడేయాలా, ఇంకా పోగేయాలా అన్నది మా ఇంట్లో, మా సైట్లో, ఫ్రెండ్స్ మధ్య పెద్ద చర్చయి కూర్చుంది. వాడేయాలనే నేనంటాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. మాది కరీంనగర్ జిల్లా. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల సైట్ల మీద కొన్నేళ్ళు ఎండకు మాడాను. మా ఆవిడ సాఫ్ట్‌వేర్. ఆమె వెనక హెచ్-4 మీద అమెరికా వచ్చి, 2018లో పని చేసుకునే కార్డు చేతికొచ్చాక డాలస్‌లో ఒక కాంక్రీటు కంపెనీలో చేరాను. ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. మనవాళ్ళ పార్టీల్లో "ఏ టెక్నాలజీ?" అని అడిగితే "సిమెంటు" అంటాను. ఈ వేట పిచ్చి నాకు అంటించింది మా దగ్గర పనిచేసే సెంట్రింగ్ ఫోర్‌మన్. అరవై మూడేళ్ళ పెద్దాయన. కాలమ్ నిలువు చూడాలంటే గుండు వేలాడదీయక్కర్లేదు, ఆయన కన్ను చాలు. మొదటి పాయింటు ఆయనే దగ్గర కూర్చుని కొనిపించాడు.

అసలు ఈ పాయింట్లేమిటంటే, వ్యోమింగ్‌లో కోటా ఉన్న ప్రాంతాల ఎల్క్ లైసెన్సుల్లో బయటి రాష్ట్రాలవాళ్ళకు దక్కేది 16 శాతం. లోకల్, నాన్‌లోకల్ అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా! 85 శాతం సీట్లు లోకల్‌కు, మిగతా 15 శాతం అందరికీ అని అడ్మిషన్ల కౌన్సెలింగ్‌లో లెక్కలు వేసుకుని పెరిగినవాళ్ళమే. ఇండియాకు నాన్ రెసిడెంట్‌ని, వ్యోమింగ్‌కూ నాన్ రెసిడెంట్‌నే! ఈ తేడా న్యాయమా అని 1978లో బాల్డ్విన్ కేసు పేరుతో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అప్పట్లో మోంటానాలో అక్కడివాడికి ఎల్క్ లైసెన్సు 9 డాలర్లయితే, బయటివాడు ఎల్క్‌ను కొట్టాలంటే 225 డాలర్ల కాంబినేషన్ లైసెన్సు కొనాల్సిందే. ఎల్క్ వేట సరదా వ్యవహారం, ప్రాథమిక హక్కు కాదు, కాబట్టి రాష్ట్రం తేడా చూపొచ్చు అని కోర్టు 6-3తో తేల్చింది. నాకేమీ కోపం లేదు. వాళ్ళ అడవి, వాళ్ళ జంతువు, వాళ్ళ పన్నులు.

డ్రాలో లైసెన్సు రాకపోతే పాయింటు కొనుక్కోవచ్చు, 52 డాలర్లు. అసలు డ్రాకు వెళ్ళకుండా పాయింటు ఒక్కటే కొనుక్కోవచ్చు కూడా. డ్రాలో 75 శాతం లైసెన్సులు ఎక్కువ పాయింట్లున్నవాళ్ళకు వరసలో వెళ్తాయి, 25 శాతం గుడ్డి లాటరీ. మామూలు లైసెన్సు 692 డాలర్లు, స్పెషల్ అయితే 1,950. స్పెషల్ అంటే ఎల్క్ స్పెషల్ కాదు, జంతువు అదే, కొండ అదే. ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళ క్యూ వేరు, అంతే. తిరుపతిలో దర్శనం టికెట్ల లాగా. మొదటి ఛాయిస్ వచ్చిందా, నీ పాయింట్లన్నీ సున్నా. వరసగా రెండేళ్ళు దరఖాస్తు పెట్టక, పాయింటూ కొనకపోయావా, అప్పుడూ సున్నా.

మా ఆవిడకు బావమరిది వరస అయ్యే ఒకబ్బాయి ఉన్నాడు, ఆస్టిన్‌లో. నాకు పాయింట్ల గురించి ఎక్కువ క్లాసు పీకేది అతనే, తుపాకీ పట్టింది లేదు గానీ ఎక్సెల్ షీటు వేసి పెట్టాడు. "అన్నా, ఏడు పాయింట్లు జనరల్ లైసెన్సుకు తగలేస్తావా? ఇంకో ఐదారేళ్ళు ఆగు. ఎడారి వైపు కోటా ప్రాంతాల్లో పెద్ద కొమ్ములవి దొరుకుతాయట" అంటాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. కోటా ప్రాంతంలో వేటగాళ్ళు తక్కువ, మగ ఎల్క్‌లు ముదురువి. జనరల్ ప్రాంతంలో రోడ్డు పక్కన ప్రతి మలుపులో ఒక పికప్పు ఆగి ఉంటుంది.

కానీ ఆ ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ తక్కువుంది. నేను ఐదు పాయింట్లు పోగేసేలోపు నా ముందున్నవాళ్ళు కూడా ఐదు పోగేస్తారు. ఈ పాయింట్లు 2000ల మధ్యలో మొదలయ్యాయి. అప్పటినుంచి వదలకుండా దాచుకున్నవాళ్ళ దగ్గర ఇరవైకి దగ్గర్లో ఉన్నాయి. మంచి ప్రాంతాల్లో ఏటా ఇచ్చే లైసెన్సులు గుప్పెడు. పది పదిహేనేళ్ళ క్రితం ఒకటో రెండో పాయింట్లకు వచ్చిన జనరల్ లైసెన్సే ఇవాళ మామూలు ధరలో రెండు పాయింట్లవాడి మొహం చూడదు. దీన్ని ఇక్కడివాళ్ళు "పాయింట్ క్రీప్" అంటారు. మనవాళ్ళకు ఈ మాట అర్థం కావడానికి నిమిషం పట్టదు. ప్రయారిటీ డేట్ అండీ! 2022 సెప్టెంబరు బులెటిన్‌లో ఇండియా ఈబీ-2 డేటు 2014 డిసెంబరు దగ్గరుంది. అక్టోబరు బులెటిన్ తెరిస్తే 2012 ఏప్రిల్. నెల గడిచింది, లైను రెండున్నరేళ్ళు వెనక్కి నడిచింది. మా ఆవిడ డేటు 2017. ఆ లైనులో నిలబడక తప్పదు, ఇంకో దారి లేదు. వేట లైనులో కూడా అలాగే నిలబడాలని ఎవరు చెప్పారు?

పైగా ప్లాటు కొన్నట్టు కాదు ఇది. ప్లాటుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వొచ్చు. పాయింటును అమ్మలేం, వీలునామాలో రాయలేం. రాష్ట్రం రూలు మారిస్తే అడిగేవాడు లేడు. వ్యోమింగ్‌లోనే మూస్ అనే ఇంకో పెద్ద జంతువుంది. దాని లైసెన్సుల్లో బయటివాళ్ళకు 20 శాతం, కొండగొర్రెకు 25 శాతం ఉండేది. 2022లో చట్టం చేసి 2023 నుంచి రెండిట్లోనూ 10 శాతానికి దించారు. పదిహేనేళ్ళు డబ్బు కడుతూ వచ్చినవాళ్ళ పాయింట్లు కాగితం మీద అలాగే ఉన్నాయి, ముందున్న తలుపు మాత్రం సగానికి సగం మూసుకుంది. ఎల్క్ స్పెషల్ లైసెన్సు ధర 2024లో ఒక్క దెబ్బకు 1,950కి ఎక్కింది. కొలరాడోలో కౌంటరు దగ్గర కొనుక్కుని బాణంతో ఎల్క్ వేటాడే వీలుండేది. ఇంటర్‌స్టేట్-25కు పడమర వైపు బయటివాళ్ళకు 2025 నుంచి అదీ లేదు, డ్రాకు రావాల్సిందే. ఇవన్నీ నేను పాయింట్లు కొంటున్న ఈ ఏడేళ్ళలో జరిగినవే.

మా నాయిన తాపీ మేస్త్రి. ఒక ఏడాది పని బాగా దొరికితే టేకు దుంగలు కొన్నాడు, మేడ కట్టినప్పుడు సింహద్వారానికని. పశువుల కొట్టంలో ఒక మూలన పేర్చి పైన గోనెసంచులు కప్పాడు. ముందు అక్క పెళ్ళి, తర్వాత నా చదువు, తర్వాత బోరు. పన్నెండేళ్ళకు మేడ లేచింది. గోనెసంచులు తీసి చూస్తే చెద. ద్వారబంధానికి సరిపడా ఒక్క చెక్క కూడా బయటపడలేదు. "బజార్లో రెడీమేడ్ దొరుకుతుంది లేరా" అని మా నాయినే నాకు ధైర్యం చెప్పాడు.

ఇక మా పెద్దాయన సంగతి. 2022లో ఆయనకు జనరల్ లైసెన్సు వచ్చింది. సాయంగా నన్నూ రమ్మన్నాడు. డాలస్ నుంచి దాదాపు పద్నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని మెడిసిన్ బో అడవికి వెళ్ళాం. వ్యోమింగ్‌లో ఇంకో రూలుంది. ఫెడరల్ ప్రభుత్వం 'వైల్డర్‌నెస్'గా ప్రకటించిన చోట బయటి రాష్ట్రంవాడు గైడు గానీ, స్థానికుడి తోడు గానీ లేకుండా పెద్ద జంతువులను వేటాడకూడదు. అందుకని మ్యాపు చూసుకుంటూ ఆ గీత దాటకుండా తిరిగాం. రైఫిల్ వేటలో నారింజ రంగో గులాబీ రంగో మెరిసే బట్ట వేసుకోవాలి. నేను సైట్లో వేసుకునేదే కదా అనుకున్నాను, అడవిలోకి వెళ్ళినా డ్యూటీ యూనిఫామ్ తప్పలేదు! నాలుగోరోజు పొద్దున ఆయన మగ ఎల్క్‌ను కొట్టాడు. చిన్నదే, కొమ్ములు గోడకు తగిలించేటంత ఏం కావు. అసలు పని అప్పుడు మొదలైంది. ఒక్కో వెనక తొడ ఎముకతో కలిపి పాతిక కిలోలు, అంటే సగం సిమెంటు బస్తా. సగం బస్తా నాకు ఒక లెక్కా అనుకున్నాను. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో, రోడ్డుకు రెండు మైళ్ళ దూరంలో, పడిపోయిన చెట్లు దాటుకుంటూ మోస్తే తెలిసింది. రెండోసారి దిగేటప్పుడు పెద్దాయన ఒక దుంగ మీద కూర్చుని ఎడమ మోకాలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. మిగతా మూడు ట్రిప్పులు నేనే మోశాను.

2024లో నేను నా పేరు మీద 288 డాలర్ల ఆడ ఎల్క్ లైసెన్సు తీసుకున్నాను. దానికి పాయింట్లు ఖర్చు కావు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది కూడా ఇదే దారి. ఒకటి దొరికింది. మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, మామూలుగా వండితే గట్టిపడుతుంది. కుక్కర్‌లో పెట్టి, గోంగూర వేసి వండితే... ఆ వాసనకు పక్క ఫ్లాటు గుంటూరువాళ్ళు పేరు అడక్కుండానే గిన్నె పంపించారు. పాపం కాదా అని అడిగేవాళ్ళకు నేను వాదన పెట్టను. ఆదివారం కోడి కూర తినేటప్పుడు ఆ ప్రశ్న నన్నూ వాళ్ళనూ సమానంగా అడగాలి.

ఇంకొక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మనలాగా వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఫ్రెండు పిలిచాడని వట్టి చేతుల్తో షూటింగ్ రేంజికి వెళ్ళి ఫొటోలు దిగకండి. ముందు లాయరును అడగండి. వ్యోమింగ్‌లో 1966 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ సేఫ్టీ కోర్సు చేసి ఉండాలి కూడా.

ఆ వీసా సంగతే నా లెక్కలో అసలు బరువు. నా పని కార్డు రెన్యువల్‌కు పెట్టుకుంటే, కొత్తది వచ్చేదాకా పాతది ఆటోమేటిక్‌గా పొడిగించే పద్ధతి ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు దాన్ని తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఆ రోజు నుంచి ఇంట్లో కూర్చోవాలి. ఐదారేళ్ళ తర్వాత డాలస్‌లో ఉంటానో కరీంనగర్‌లో ఉంటానో చెప్పలేనివాణ్ణి, వ్యోమింగ్‌లో ఎడారి ఎల్క్ కోసం ఆగమంటే ఎలా ఆగను?

అయినా నేను ఒక్కణ్ణే పెట్టుకుంటే లెక్క తేలికే. ఏడు పాయింట్లతో జనరల్ లైసెన్సు రావాలి. పెద్దాయనతో కలిపి పెడితేనే తిరకాసు. 2022లో లైసెన్సు రావడంతో ఆయనవి సున్నా అయ్యాయి, తర్వాత కొన్నవి మూడు. కలిపి పెట్టుకుంటే సగటు తీస్తారు, అంటే ఇద్దరికీ ఐదు. ఐదంటే అంచు మీద నడవడమే, రావచ్చు, రాకపోవచ్చు. "నీ రెండు పాయింట్లు ఆయనకు దానం చేస్తున్నావన్నమాట" అన్నాడు ఎక్సెల్ అబ్బాయి. దానం కాదు. గాలి ఎటు వీస్తోందో, ఎల్క్ ఏ వాలులో పడుకుంటుందో, గురి ఎప్పుడు పెట్టకూడదో నాకు నేర్పింది ఆయన. ఆ మోకాలికి ఇప్పటికే ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాడు. ఆయన లేకుండా పెద్ద కొమ్ములు తెచ్చుకుని డాలస్ అపార్ట్‌మెంట్లో ఏ గోడకు మేకు కొడతాను, ఓనర్ డిపాజిట్ పట్టుకోడూ!

గడువు ఫిబ్రవరి మొదట్లో. ఇద్దరి పేర్లూ కలిపి, మామూలు ధరలో, జనరల్‌కు పెట్టేశాను. డబ్బు మొత్తం ముందే కార్డు మీద పట్టుకుంటారు, రాకపోతే తిరిగిస్తారు. ఫలితం మేలో. కార్డు స్టేట్‌మెంటు చూసి మా ఆవిడ అడిగింది ఒక్కటే, ఫ్రీజర్‌లో పోయినసారిది ఇంకా రెండు ప్యాకెట్లుందని గుర్తుందా అని.

పెద్దాయనకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. "సరే" అన్నాడంతే. మర్నాడు సైట్లో నాలుగో అంతస్తు స్లాబుకు సెంట్రింగ్ చెక్ చేయాలి. హాయిస్ట్ కింద ఖాళీగానే ఉంది. ఆయన దాని పక్కనుంచి నడిచి, రెయిలింగ్ పట్టుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.