చూచినవారెందఱు, అడిగినవారెందఱు?

మామిడిపండ్లను నేరుగా పట్టణవాసులకు విక్రయింపగోరు సంఘములు లాండింగు పేజీని, అనగా ప్రకటన నొక్కినవారు వచ్చి దిగు పుటను, నిర్మించుకొనవచ్చును. 2006లో అమెరికాలో స్థాపితమైన హబ్‌స్పాట్ వంటి వేదికలు పుటను, ఫారమును, లెక్కను ఒక్కచోటనే కూర్చుచున్నవి. ఒక పుటకు ఒక్క సరకే తగును. బంగినపల్లి ప్రక్కన పసుపును, బియ్యమును కుప్పవోసినచో వచ్చినవాడు ఏదియు నడుగక మఱలిపోవును. వాట్సాపునకు ఒక లంకె, కరపత్రమునకు వేఱొక లంకె గుర్తుపెట్టి పంపినయెడల బేరము ఎటనుండి వచ్చెనో తెలియును. కార్యదర్శులు చూపుల లెక్కనే మహాసభలో చదువుట నాకు రుచింపదు. 1000 మంది చూచి ఇద్దఱే యడిగిన పుటకన్న 100 మంది చూచి పదుగురడిగినదే మేలు గదా! చందా గడువు తప్పినచో పుట మూతపడవచ్చును గావున, కొనుగోలుదారుల పట్టికను నెలనెల దింపుకొని సంఘమునందే భద్రపఱచవలెను. ఆ పట్టిక యన్యులకు అమ్ముకొను సరకు కాదు. 2023లో చేయబడిన వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము ఇచ్చినవారి సమ్మతిని కోరుచున్నది.