పలకరింపుతో పాటు లెక్క

పల్లెలో ఎమ్మెల్యే పర్యటన అంటే పెళ్లింట అక్షింతలు, చావింట పరామర్శ, షామియానా కింద కల్యాణలక్ష్మి చెక్కులు. ఆ చెక్కులోని రూ.1,00,116 సర్కారు సొమ్మే. అయినా పంపిణీ సభ, ఫొటో తప్పనిసరి తంతుగా మారాయి.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అచ్చంపేట ఎస్సీ నియోజకవర్గంలోది. 2014, 2018లలో గువ్వల బాలరాజు, 2023లో వైద్యుడైన చిక్కుడు వంశీకృష్ణ ఇక్కడ గెలిచారు. గెలిచే పార్టీ మారినా జనం అడిగేవి రోడ్డు, నీళ్లు, ఆసుపత్రే.

ఈ నియోజకవర్గంలోనే ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. లింగాల వైపు నుంచి వచ్చే భక్తులు నల్లమలలో రాళ్లబాట పట్టి లోయలోకి దిగుతారు. గుహలో లింగం, పక్కనే జలపాతం, పూజారులు చెంచు గిరిజనులే. ఎండకు సొమ్మసిల్లినవాళ్లకు అక్కడ కావలసింది స్వాగత ఫ్లెక్సీ కాదు. తాగునీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లం, అంబులెన్సు.

2025 మే 19న ఇదే నియోజకవర్గంలోని మాచారంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని ప్రారంభించారు. రూ.12,600 కోట్లతో 6 లక్షల ఎకరాల గిరిజన భూములకు సోలార్ పంపులతో నీళ్లివ్వడం లక్ష్యం. లింగాలలో ఎన్ని బోర్లు పడ్డాయి, ఎన్ని పంపులు నీళ్లు పోస్తున్నాయి? ఆ లెక్కను పంచాయతీ గోడ మీద ఊరూరా రాయించే పని ఎమ్మెల్యే చేపట్టాలి.