పదునాలుగు దినముల వైద్యసేవ

ఇటీవల మన పట్టణములలో నొక నూతనాచారము కానవచ్చుచున్నది. వైద్యవిద్య ముగించిన యువకుడో, ముగింపవచ్చిన విద్యార్థియో, సెలవులలో ఆఫ్రికాఖండమున నొక బీదగ్రామమునకో నేపాళపు కొండపల్లెకో పోయి, పదునాలుగు దినములు ఉచితవైద్యము చేసి వచ్చును. రాగానే బంధుమిత్రులు పూలమాలలు వేయుదురు. ఆయూరి పసిబిడ్డ నెత్తుకొనిన ఛాయాపటము ఇంటిగోడ కెక్కును. తల్లిదండ్రులు గర్వింతురు. గర్వించుటలో తప్పులేదు, పరుల బాధకు కరగు హృదయము ఎన్నడును దూషింపదగినది కాదు. అయినను పత్రికారచన చేయువాడు పూలమాలను మాత్రమే చూచి యూరకుండరాదు గనుక, పదునాలుగు దినములు గడచిన పిమ్మట, పదునైదవ దినమున ఆ గ్రామమున నేమి జరుగుచున్నదో పాఠకమహాశయులతో కలసి విచారింపదలచితిమి.

వైద్యశాస్త్రము తెలిసినవారికి ఇది క్రొత్తమాట కాదు. క్షయరోగము సామాన్యపు మందులకు లొంగునట్టిదైనను, దానికి ఆరు నెలలపాటు ఎడతెగక చికిత్స జరుగవలెను. నడుమ మానినచో రోగము తిరిగి తలయెత్తుటయేగాక, ఆ మందులకు లొంగని మొండిరూపము దాల్చు ప్రమాదము కలదు. రక్తపుపోటునకును మధుమేహమునకును సాధారణముగ జీవితాంతము మందు కావలెను. వరిబీజమునకు కోతపెట్టిన శస్త్రవైద్యుడు విమానమెక్కిన మూడవనాడు గాయము చీముపట్టినచో, దానిని విప్పి కడుగవలసినవాడెవడు? కుట్లు విప్పవలసినవాడెవడు? భూకంపము వచ్చినప్పుడు సంగతి వేరు. 2015 సం॥న నేపాళమున భూమి కంపించినప్పుడు, ఎముకలు విరిగినవారికి ఆ వారమున వచ్చిన వైద్యుడే దేవుడు. అట్టి యాపదలను విడిచి మేము నిత్యదారిద్ర్యమును గూర్చి వ్రాయుచున్నాము. దారిద్ర్యము వారమురోజులలో వచ్చునది కాదు, పోవునదియు కాదు.

మా కనులయెదుట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట మా స్వగ్రామమున, విదేశములలో స్థిరపడిన మన తెలుగు వైద్యులే కొందరు వచ్చి రెండు దినములు శిబిరము నడపిరి. వారి యౌదార్యమును మేము శంకింపము. మా యింటికి మూడవయింటనున్న యొక వృద్ధరైతునకు రక్తపుపోటు హెచ్చుగా నున్నదని కనుగొని, నెలకు సరిపడు మాత్రలిచ్చిరి. నెల ముగిసినది. ఆయన ఆ ఖాళీ అట్టను పంచెకొంగున ముడివేసికొని మూడు మందులదుకాణములు తిరిగెను. దానిపై నున్న విదేశపు వ్యాపారనామమును దుకాణదారులెవరును గుర్తింపలేకపోయిరి. "మళ్లీ వాళ్లొచ్చినప్పుడు తీసుకుంటాలే బాబూ" అని మాతో ననెను. మరుసటి వత్సరమున ఆయనకు పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయినది. ఆ మాత్రలోని మందే, వేరొక పేరుతో, ఆరుమైళ్ల దూరమున నున్న సర్కారు వైద్యశాలలో ఉచితముగ నిచ్చుచుండిరని మాకు తరువాత తెలిసినది. శిబిరమునకు వచ్చినవారు ఆ సర్కారు వైద్యునితో మాటాడలేదు. ఆయన యొకడున్నాడనియే వారెరుగరు. ఊరివారమైన మేమును చెప్పలేదు.

స్వభాషయే మాటాడు వైద్యులు, స్వగ్రామమునకే వచ్చినప్పుడు ఇట్లు జరిగినచో, భాష తెలియని దూరదేశమున నెట్లుండునో ఊహింపవచ్చును.

పరదేశమునకు పోయి చేయు వైద్యసేవ యెట్లుండవలెనో తెలిసికొనుటకు మనము ఇతరుల చరిత్ర వెదకనక్కరలేదు. 1937 సం॥ జూలైలో జపాను సేనలు చైనాపై విరుచుకుపడిన పిమ్మట, చైనా సేనాని జూ డే జవహర్‌లాల్ నెహ్రూగారికి లేఖ వ్రాసి వైద్యసాహాయ్యము కోరెను. నాటి కాంగ్రెసు అధ్యక్షులు సుభాస్ చంద్ర బోసుగారు దేశమునకు విజ్ఞప్తిచేసి, 1938 జూలై 7 మొదలు 9 వరకు చైనా నిధి దినములు జరిపించిరి. రు. 22,000 కూడెను. తామే పరుల పాలనలో నున్న ప్రజలిచ్చిన ధనమది. సెప్టెంబరు తొలిదినములలో బొంబాయి రేవున ఐదుగురు వైద్యులు ఓడయెక్కిరి. అలహాబాదువారగు మదనమోహన్ అటల్ గారు నాయకులు. అంతకుముందే స్పెయినుదేశపు అంతర్యుద్ధమున క్షతగాత్రులకు సేవచేసి వచ్చినవారు. నాగపూరునుండి చోల్కర్ గారు, కలకత్తానుండి బిజయకుమార్ బసు, దేవేశ్ ముఖర్జీ గారలు. ఐదవవాడు షోలాపూరు బిడ్డ, ద్వారకానాథ్ కోట్నీసు. ఉన్నతపరీక్షకు చదువుచున్న ఆ యువకునకప్పటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు.

1939 ఫిబ్రవరిలో వారు యేనాన్ చేరిరి. కోట్నీసు చైనాలో నుండగనే షోలాపూరున తండ్రి మరణించెను. ఆ వార్త విని తిరిగి పోవుమని తోడివారు చెప్పినను ఆయన కదలలేదు. చోల్కర్, ముఖర్జీ, అటల్ గారలు ఒకరి తరువాత నొకరు స్వదేశమునకు మరలిరి. వారు చేసిన సేవను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కోట్నీసు, బసు గారలు మాత్రము జపాను సేనల వెనుకభాగమున నున్న కొండప్రాంతములకు పోయిరి. 1940 నాటి పోరొకదానిలో కోట్నీసు డెబ్బదిరెండు గంటలు నిద్రలేక శస్త్రచికిత్సలు చేసెననియు, ఆ పోరున ఎనిమిదివందలమందికి పైగా క్షతగాత్రులను చూచెననియు చెప్పుదురు. మనవారు ఉపన్యాసములలో ఎత్తుకొను ఘట్టమిదియే. మా దృష్టిలో ఆయన ఘనకార్యము అది కాదు.

ఆయన చైనాభాష నేర్చుకొనెను. తొలుత దుబాసిని నడుమ నుంచుకొని రోగితో మాటాడినవాడు, తరువాత ఆ భాషలోనే విద్యార్థులకు శస్త్రవైద్యము బోధించెను. ఆ భాషలోనే పాఠ్యగ్రంథము వ్రాయబూనెను. 1941 జనవరిలో బెత్యూన్ అంతర్జాతీయ శాంతివైద్యశాలకు అధిపతి యయ్యెను. ఆ వైద్యశాలకు పేరిచ్చిన నార్మన్ బెత్యూన్ కెనడాదేశీయుడు. ఆయనయు స్పెయినున సంచార రక్తదానశాఖను నడపి, అటనుండి చైనాకు వచ్చి, కూలిన గుడులలోను రైతుల యిండ్లలోను శస్త్రచికిత్సలు చేసి, స్థానికులకు ఆ విద్య నేర్పినవాడు. చికిత్సచేయుచుండగా వ్రేలు తెగి, ఆ గాయము విషమించి 1939 నవంబరు 12న మరణించెను. ఆయన పోయినను బోధన ఆగలేదు. మన షోలాపూరువాడు వచ్చి ఆ పీట మీద కూర్చుండెను. అచ్చటనే ఉపచారవిద్య బోధించు గువో చింగ్లాన్ అను నామెను 1941లో వివాహమాడెను. మరుసటియేట కొడుకు పుట్టగా యిన్‌హువా యని పేరిడిరి. యిన్ యనగా భారతము, హువా యనగా చైనా. ఆ బిడ్డకు నాలుగు నెలలైన నిండకమునుపే, 1942 డిసెంబరు 9న, మూర్ఛరోగముచే కోట్నీసు ముప్పదిరెండవయేట కన్నుమూసెను. పాఠ్యగ్రంథము ముగియలేదు. విద్యార్థులు మాత్రము మిగిలిరి. ఆ విద్యార్థులు అచ్చటివారు. యుద్ధము ముగిసినను అచ్చటనే యుండువారు. ఒక్కడు నాలుగేండ్లుండుటవలన కలిగిన ఫలమిది. నాలుగేండ్లపాటు పదునాలుగేసి దినముల చొప్పున నూరుగురు వచ్చిపోయినను ఇది కలుగదని మా నిశ్చితాభిప్రాయము.

"ఇంట నీగలమోత, బయట పల్లకీమోత" యని మిత్రులు కొందరు మమ్ము ఆక్షేపింపవచ్చును. పాడేరు, రంపచోడవరము, భద్రాచలము, ఉట్నూరు వంటి మన్యప్రదేశములకు పోవుటకు వైద్యులు వెనుదీయుచుండగా ఆఫ్రికా యెందుకని వారి ప్రశ్న. ఈ ప్రశ్న నాడును వచ్చియుండవచ్చును. 1938లో మన దేశమున మలేరియా, కలరా, మశూచి విలయతాండవము చేయుచుండెను, స్వరాజ్యమైనను లేదు. అయినను ఐదుగురిని పంపుట దండుగయని నేడెవ్వడును అనజాలడు. తాను బీదవాడైనప్పుడు మరియొక బీదవానికి ఆసరా యగుటలో నొక ఆత్మగౌరవము కలదు. కాని ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. ఉట్నూరున నొక్కరాత్రియైన గడపనివాడు, గర్భిణిని డోలీలో మోసికొనివచ్చు కొండదారిని చూడనివాడు, తిన్నగా మలావికో మొజాంబిక్కునకో పోయి చేయునది సేవకంటె విహారయాత్రకు దగ్గరగా నుండును. మొదట మన్యమున రెండేండ్లు పనిచేసి, విద్యుత్తు పోయినప్పుడు ప్రసవము చేయుటయు, యంత్రములు లేనిచోట చేతితో తాకి రోగము గుర్తించుటయు నేర్చినవాడే దూరదేశమునకు పోవుటకు అర్హుడు. అట్టివానికి అచ్చటి జీవితము అంత క్రొత్తగ నుండదు.

ఇంతకును మనము పంపువారము మాత్రమే కాము, పుచ్చుకొన్నవారము కూడ. అమెరికాదేశీయురాలగు డాక్టరు అన్నా కూగ్లరు 1883 సం॥న గుంటూరునకు వచ్చెను. పంపిన సంఘమువారు తొలుత ఆమెను వైద్యమునకుగాక ఇతర కార్యములకు నియోగించిరి. అయినను పురుషవైద్యుని యెదుటికి రాజాలని మన స్త్రీలు ఆమెను వెదకికొని వచ్చిరి. స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి తెరచుట 1898లోగాని జరుగలేదు. పదునైదేండ్లు! నేటి శిబిరకర్తలు ఈ సంఖ్యను ఒక్కసారి తలచుకొందురుగాక. ఆమె 1930లో గుంటూరుననే మరణించెను. మతప్రచార విషయమున మనకామెతో భిన్నాభిప్రాయముండవచ్చును; ఆ చర్చ ఇచ్చట నప్రస్తుతము. నలువదియేడేండ్లు ఒక్కయూరిని పట్టుకొనియున్న మనిషిని ఆ యూరివారు పరాయిదానిగ నెంచలేదు; వైద్యశాలనే ఆమె పేరుతో పిలుచుకొనిరి.

ఇక 2014లో పశ్చిమాఫ్రికాయందు, గినీ, లైబీరియా, సియెర్రాలియోను దేశములలో ప్రబలిన ఎబోలా మహమ్మారిని చూడుడు. పదునొకండువేలమందికి పైగా మరణించిరి. వారిలో ఐదువందలకు పైగా వైద్యులు, ఉపచారికలు, ఇతర ఆరోగ్యసేవకులు. సియెర్రాలియోనుదేశపు కెనెమా పట్టణమున ఎన్నియో యేండ్లుగ లస్సాజ్వరమునకు వైద్యము చేయుచుండిన షేక్ ఉమర్ ఖాన్ అను వైద్యుడు ఆ దేశమున ఎబోలాను ఎదిరించి నిలిచి, జూలై 29న ఆ రోగమునకే బలియయ్యెను. అన్యదేశీయులగు సేవకులకు రోగము సోకినప్పుడు కొందరిని ప్రత్యేకవిమానములలో స్వదేశములకు చేర్చిరి. వారు బ్రదుకుట మంచిదే. కాని విమానము రానివాడు ఎవడో, పోరాటభారమును తుదివరకు మోసినవాడెవడో మరువరాదు. పరదేశమునుండి వచ్చువాడు అట్టివానికి చేదోడుగ రావలెను. అతని కుర్చీలో కూర్చుండుటకు రారాదు.

మరియొక సంగతి వ్రాయుటకు మాకు సిగ్గుగ నున్నది, అయినను వ్రాయవలసియున్నది. ఇంట ఆచార్యుని పర్యవేక్షణలేనిదే సూదియైన పట్టనీయని విద్యార్థి, బీదదేశమునకు పోగానే కోతలు కోయుటకును కాన్పులు చేయుటకును సాహసించు సందర్భములు కలవని ఆ రంగమున నున్నవారే వ్రాసియున్నారు. బీదవాని శరీరము అభ్యాసమునకు పలక కాదు. తండ్రులు దీనిని తమ బిడ్డలకు ముందే స్పష్టముగ చెప్పవలెను. మందుల విషయమున కూడ ప్రపంచారోగ్యసంస్థ 1996లోనే నియమములు చేసినది. దానమిచ్చు మందు చేరునాటికి, సామాన్యముగ, ఇంక ఒక యేడైన చెల్లుబాటు కాలము మిగిలియుండవలెను. దానిపైని వ్రాత అచ్చటి వైద్యులకు తెలియు భాషలో నుండవలెను. వ్యాపారనామముతోపాటు మందు అసలు పేరుండవలెను. ఈ మూడవ నియమమును పాటించినచో మా గ్రామపు వృద్ధుడు మూడు దుకాణములు తిరుగ నక్కరలేకపోయెడిది.

పదునాలుగు దినములకంటె వెచ్చింపలేనివాడేమి చేయవలెనని యడుగుదురేమో. పోవచ్చును, కాని ప్రతియేటను అదే యూరికి పోవలెను. తాను వందమందిని చూచుటకు మారుగ, అచ్చటి వైద్యునకో ఉపచారికకో ఒక్కపని బాగుగ నేర్పి రావలెను. అచ్చటివారు పిలిచినప్పుడే, వారికి కావలసిన పనికే, వారి యధికారమునకు లోబడి పోవలెను. ఇందు ఛాయాపటములకు తగిన దృశ్యములు తక్కువగ నుండును.

రెండేండ్లు, మూడేండ్లు పోగలవానికి అడ్డు వచ్చునది సామాన్యముగ ధైర్యలోపము కాదు, ఇంటిఖర్చు. భూమి తాకట్టుపెట్టి చదివించిన తండ్రి, అప్పు తీరకమునుపే కొడుకును జీతములేని కొలువునకు పంపలేడు. అట్లు పంపుమని చెప్పుట మా నోటికి తగదు. అందుచేత మా సూచన భూస్వాములకును వర్తకులకును. సత్రములకు, కల్యాణమండపములకు మన జిల్లాలలో ధనమున కెన్నడును కొదువ లేదు. ఒక్కొక్క జిల్లాలో నొక నిధి ఏర్పరచి, మన్యమున రెండేండ్లు పనిచేసినవానిని ఎన్నుకొని, తరువాతి రెండేండ్లు అతడు పరదేశమున నుండగా అతని యింటిఖర్చును అప్పువాయిదాను ఆ నిధి చెల్లించుచుండునట్లు చేయుటకు ఎవరేని ముందుకు వత్తురేమో చూడవలెను. 1938 జూలైలో మూడు దినముల నిధితో ఐదుగురు పోయిరి. జిల్లాకొక్కని పంపుటకు మనకెన్ని దినములు పట్టునో లెక్కవేసి మాకు వ్రాయువారుందురేని, ఆ లేఖలను ఈ పుటలలో సంతోషముతో ప్రకటింతుము.