ఇంటికీ పరీక్ష అవసరమే

రక్తపోటు ఉందో లేదో పక్షవాతం వచ్చాక తెలుసుకుంటే ప్రయోజనం తక్కువ. అందుకే ముందుగానే పరీక్ష చేయించుకోండని మేము రోగులకు చెబుతుంటాము. మనం నివసించే ఇంటికీ ఈ మాట వర్తిస్తుందని మా అభిప్రాయం. భూకంపంలో ఎక్కువ ప్రాణాలు తీసేది భూమి కదలిక కాదు, కూలిపోయే గోడలు, పైకప్పులు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చింది. దాని తీవ్రత 6.2. వేలాదిమంది నిద్రలోనే చనిపోయారు. అక్కడి ఇళ్ళకు మట్టి అడుసుతో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటిపై బరువైన మట్టి మిద్దెలు ఉండేవి. గోడ లోపలి వరుసనూ బయటి వరుసనూ కలిపే పొడవు రాళ్ళు లేవు. కుదుపుకు గోడలు చీలి, మిద్దెలు కూలాయి. అయితే అదే కిల్లారిలో, తలుపులు కిటికీల పైఎత్తున గోడల చుట్టూ కాంక్రీటు పట్టీ వేసిన ఒక ఇల్లు దెబ్బతినకుండా నిలిచింది.

2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్‌లో ఆసుపత్రి కూడా కూలిపోయింది. లోపల రోగులు, సిబ్బంది మరణించారు. గాయపడినవారికి బయట మైదానంలో చికిత్స చేయవలసి వచ్చింది. తరువాత కట్టిన కొత్త ఆసుపత్రిలో భవనానికీ పునాదికీ మధ్య రబ్బరు, సీసంతో చేసిన దిమ్మెలు అమర్చారు. కుదుపు పైకి పాకకుండా అవి చాలావరకు ఆపుతాయి.

ఈ పాఠాలు మనకు దూరమైనవి కావు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాల్లో భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది.

కనుక పరీక్ష రెండుసార్లు జరగాలని మేము కోరుతున్నాము. మొదటిది, కూల్చి కట్టకముందు. నేల ఎలాంటిది, గోడలు మూలల్లో కలిసి ఉన్నాయా, పైకప్పు బరువెంత అని ఇంజనీరు చూడాలి. కొన్ని ఇళ్ళను కూల్చకుండానే బలపరచవచ్చు. కిల్లారి తరువాత ఎన్నో ఊళ్ళలో ఇలా చేశారు. రెండవది, కట్టిన తరువాత. కొత్త ఇల్లు కదా అని చాలామంది ఈ పరీక్షను వదిలేస్తారు. కానీ కొన్నేళ్ళకు పైన ఇంకో అంతస్తు వేస్తాము, దుకాణం కోసం గోడ తీసేస్తాము, పెద్ద నీళ్ళ ట్యాంకు ఎక్కిస్తాము. మొదట లెక్క కట్టిన బలం అప్పుడు సరిపోకపోవచ్చు. మార్పు చేసిన ప్రతిసారీ మళ్ళీ చూపించాలి.

ఖర్చు ఎక్కువని కొందరు అంటారు. అందుకే ఎక్కువమంది చేరే చోట్లతో, అంటే ఆసుపత్రి, బడి, ప్రార్థన మందిరంతో మొదలుపెట్టమంటున్నాము. కొత్తగా కట్టుకునేవారు గోడల చుట్టూ పట్టీ వేయమని మేస్త్రికి ముందే చెప్పండి. గోడలు లేచాక చెబితే ఆ పని కష్టమవుతుంది.